నర్సులు అడిగిన ప్రశ్న

గాయమును చూచి జాలిపడువారు పెక్కుమంది; కంటికి కనబడని నొప్పిని నమ్మువారు కొందరే. ఫైబ్రోమయాల్జియా అట్టి వ్యాధి. ఒళ్లంతయు నొప్పులు, తీరని అలసట, నిద్ర చాలకపోవుట దాని లక్షణములు. ఎక్స్‌రేలో ఏమియు కనబడదు గనుక, రోగిని సోమరియని యింటివారే నిందించుట కలదు.

ఈ పేరు 1976లో వచ్చినది. 1990లో అమెరికా వైద్యులు దీనిని గుర్తించుటకు ఒక నియమము చేసిరి: ఒళ్లంతయు నొప్పులుండి, శరీరమందు 18 చోట్ల వ్రేలితో నొక్కగా 11 చోట్లనైన నొప్పి కలుగవలెను.

అయితే వ్యాధి పేరు తెలిసినంతమాత్రమున రోగికి దినము గడుచునా? 1991లో అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమందు కేరల్ బర్క్‌హార్ట్, షారన్ క్లార్క్ అను నర్సులు, బెన్నెట్ అను వైద్యునితో కూడి ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. వంట చేయగలిగితిరా? బట్టలు ఉతుకగలిగితిరా? స్నేహితులను చూడబోతిరా? గడచిన వారములో ఎన్ని దినములు బాగుగా నుంటిరి? ఇట్టివి అందలి ప్రశ్నలు.

1994లో బర్క్‌హార్ట్, స్వీడను దేశపు తోటిపనివారితో కలిసి 99 మంది స్త్రీలలో జరిపిన పరిశీలనను ప్రకటించెను. కొందరికి 6 వారములు వ్యాధినిగూర్చిన పాఠములు, మరికొందరికి వాటితోపాటు వ్యాయామమును నేర్పిరి. నొప్పి మాయము కాలేదు. అయినను తమ బ్రదుకును తాము నడుపుకొనగలమను ధైర్యము నేర్చుకొన్నవారిలో పెరిగెను.

2010లో వైద్యులును నొక్కిచూచుట విడిచి, రోగి చెప్పు మాటలను ఆధారముగా గైకొను క్రొత్త నియమమును ప్రకటించిరి. నర్సులు ఆ మాటలను ముందుగనే వినియుండిరి. మన యింట ఎవరైన నొప్పియని చెప్పినయెడల, “ఏమియు లేదు” అనకుడి, “నేడు ఏ పని కష్టమాయెను?” అని అడుగుడి.