బి.ఎస్సీ. తరగతి గదిలో మూడు భాషలు: హైదరాబాదు అనుభవం

విశ్వవిద్యాలయ స్థాయిలో విజ్ఞానశాస్త్రాన్ని దేశభాషలో బోధించడం సాధ్యమేనా అన్న ప్రశ్న 1960ల తరువాత తలెత్తినదిగా మన చర్చలు సాగుతుంటాయి. హైదరాబాదు సంస్థానం అంతకు అర్ధశతాబ్దం ముందే ఆ ప్రయోగం చేసింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనామాధ్యమం, ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యభాష. తరగతులు మొదలుకాకముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. పుస్తకం ముందు, పాఠం తరువాత అన్న ఈ క్రమం గమనార్హం. పరిభాషా నిర్మాణ సూత్రాలను చర్చిస్తూ వహీదుద్దీన్ సలీం 1921లో ప్రత్యేక గ్రంథమే వెలువరించాడు. క్రమంగా వైద్య, ఇంజనీరింగు విద్యలు కూడా ఉర్దూలోనే సాగాయి. అనగా బి.ఎస్సీ. విద్యార్థికి పైమెట్టు కూడా అదే భాషలో లభించింది.

లోపం మరొకచోట ఉంది. సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడ భాషీయులూ గణనీయంగా ఉన్నారు. 'సొంత భాషలో విద్య' అన్న వాదం వీరికి వర్తించలేదు. తెలుగు ఇంటి నుండి వచ్చిన విద్యార్థికి 'తఫర్రుఖీ ముసావాత్' ఎంత పరాయిదో 'డిఫరెన్షియల్ ఈక్వేషన్' కూడా అంతే పరాయిది. 1938 నాటి వందేమాతరం ఉద్యమంలో బహిష్కృతులైన ఉస్మానియా విద్యార్థులు పలువురు నాగపూరు చేరి చదువు కొనసాగించారు. ఆ ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావు కూడా సంస్థానం వెలుపల, పూనా ఫెర్గూసన్ కళాశాలలో, బి.ఎస్సీ. చదివాడు.

1948 పోలీసు చర్య అనంతరం ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. మూడు దశాబ్దాల అనువాద కృషి గ్రంథాలయ అరలకు పరిమితమైంది. ఆ పరిభాషా చర్చలను తెలుగు పరిశోధకులు తగినంతగా పరిశీలించలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు ఆ నరసింహారావే. కొద్ది సంవత్సరాలలోనే ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయులలో తెలుగు మాధ్యమం వచ్చింది. అవకలన సమీకరణం, ద్రవ్యవేగం, వక్రీభవనం వంటి పదాలు స్థిరపడ్డాయి. ఇవి సంస్కృత భూయిష్ఠాలన్న విమర్శ పాతదే. నా దృష్టిలో అది ప్రధానం కాదు. రెండేళ్లు వాడితే ఏ పదమైనా నోటికి పడుతుంది. అసలు చిక్కు మూడవ సంవత్సరం పూర్తయ్యాక ఎదురైంది. ఎం.ఎస్సీ. బోధన, పరిశోధన పత్రిక, ఉద్యోగపు ఇంటర్వ్యూ అన్నీ ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. ఉర్దూ ప్రయోగానికి మెట్లన్నీ ఉన్నాయి, ఎక్కవలసిన వారిలో అధికుల భాష అది కాదు. తెలుగు ప్రయోగానికి ఎక్కేవారున్నారు, పైమెట్లు లేవు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చ నిర్ణయించింది. అయినా అనేక ప్రయోగశాలల్లో అధ్యాపకుడు నల్లబల్లపై ఇంగ్లీషులో వ్రాసి, తెలుగులోనే వివరిస్తున్నాడు. ఈ మౌఖిక బోధన ఏ పాఠ్యప్రణాళికలోనూ నమోదు కాలేదు.