టిప్పు సుల్తాన్ అసలు తస్వీర్ ఏది?

పోయిన నవంబరులో టిప్పు సుల్తాన్ పుట్టిన రోజని మా పామిడి మొహల్లా వాట్సాప్ గ్రూపులో నేనొక ఫోటో పెట్టాను. నెరిసిన గడ్డం, తలపాగా, అరబ్బు దుస్తులు. "ఇదీ మన షేర్-ఎ-మైసూర్ అసలు ఫోటో" అని కింద రాశాను. మాషా అల్లాహ్ అంటూ జవాబులు వచ్చాయి. మా భాంజా దాన్ని ప్రింటు తీయించి బడిలో చార్టు మీద అంటించాడు. సాయంత్రం మొహం వేలాడేసుకొని ఇంటికొచ్చాడు.

"మామూ, టిప్పు చనిపోయే నాటికి కెమెరానే లేదంట. క్లాసులో అందరూ నవ్వినారు. మీ తారీఖంతా ఇట్లాంటిదేనా అని ఒకడు అడిగినాడు."

నాకు సిగ్గేసింది. ఆ ఫోటో ఎక్కడిదో కనుక్కోకుండా పంపింది నేనే. తప్పు నాది, షర్మిందగీ వాడిది. ఆ రాత్రి నుంచే పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

హకీకత్ ఏమిటంటే, టిప్పు 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో షహీద్ అయ్యాడు. ఫోటో తీసే విద్య లోకానికి తెలిసింది 1839లో. మధ్యలో 40 ఏళ్ల తేడా ఉంది. మరి ఆ ఫోటోలో ఉన్నదెవరు? జాంజిబార్‌కు చెందిన హమద్ బిన్ ముహమ్మద్ అల్ ముర్జబీ. ఏనుగు దంతాలు, బానిసల వ్యాపారం చేసి 1905లో చనిపోయాడు. జనం ఆయన్ని 'టిప్పు టిప్' అని పిలిచేవారు. పేరులో 'టిప్పు' ఉండేసరికి ఆయన మొహం మన సుల్తానుకు అంటుకుంది.

ఆ జమానాలో రాజుల మొహాలు దూరదేశాలకు చేరింది అచ్చుబొమ్మల ద్వారా. రాగిరేకు మీద ఉలితో గీతలు చెక్కుతారు. సిరా పూసి, పైన తుడిచేస్తే గీతల్లో మాత్రమే సిరా మిగులుతుంది. తడి కాగితం పరిచి యంత్రంతో గట్టిగా నొక్కితే బొమ్మ దిగుతుంది. పామిడి బట్టల ఊరు కాబట్టి మనవాళ్లకు సులువుగా అర్థమయ్యే మాట ఒకటి చెబుతాను. అద్దకం చెక్క మీద పువ్వు ఎటు తిరిగి ఉంటే గుడ్డ మీద దానికి ఎదురు తిరిగి పడుతుంది. రాగిరేకూ అంతే. చెక్కేవాడు చిత్రాన్ని ఉన్నదున్నట్టు రేకు మీదికి ఎక్కిస్తే, కుడిచేతి కత్తి కాగితం మీద ఎడమచేతికి వెళ్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు చిత్రకారుడితోనే. 1792 ఫిబ్రవరిలో టిప్పు కొడుకులు అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్‌లను కారన్‌వాలిస్ జామీనుగా తీసుకున్నాడు. ఆ పసివాళ్ల బొమ్మలు లండన్ బజారులో బాగా అమ్ముడయ్యాయి. రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు ఆ దండులోనే ఉన్నాడు, కళ్లారా చూసి వేశాడు. మాథర్ బ్రౌన్ మాత్రం హిందుస్తాన్ మొహం చూడకుండా లండన్‌లో కూర్చొని వేశాడు. శ్రీరంగపట్నం పతనాన్ని రాబర్ట్ కెర్ పోర్టర్ 1800లో దాదాపు 120 అడుగుల తెర మీద వేశాడు. ఆయన కూడా అప్పటికి ఇటువైపు వచ్చినవాడు కాదు. దాన్ని వెండ్రామీని రేకుల మీద చెక్కాడు, నకళ్లు ఊరూరా తిరిగాయి. ఈ బొమ్మల్లో కారన్‌వాలిస్ దయగల తండ్రిలా కనిపిస్తాడు. పిల్లల్ని తండ్రి దగ్గర్నుంచి లాక్కున్న జుల్మ్ కనిపించదు.

మన గుత్తి సంగతే చూడండి. పామిడికి కూతవేటు దూరంలోని ఆ కోటను హైదర్ అలీ 1776లో మరాఠా సర్దారు మురారి రావు నుంచి గెలుచుకున్నాడు. కోటలో నీళ్లు అయిపోయి మురారి రావు లొంగక తప్పలేదు. నీళ్ల కరువు ఎలాంటిదో మన సీమవాళ్లకు వేరే చెప్పాలా? అలాంటి హైదర్‌ను ఒక ఫ్రెంచి అచ్చుబొమ్మ 'మరాఠాల సేనాధిపతి' అని పరిచయం చేసింది! జీవితమంతా ఎవరితో పోరాడాడో వాళ్లకే ఆయన్ని నాయకుణ్ణి చేసేసింది.

1792 సంధిలో, 1799 యుద్ధం తర్వాత తనకు దక్కిన ఈ సీమను నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. వాటికి మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు గుత్తిలోనే దఫన్ చేశారు. ఆయన మొహం మీద ఎవరికీ షక్ లేదు. ఎందుకంటే ఆయన చిత్రకారుడి ముందు కూర్చున్నాడు. గెలిచినవాళ్లకు ఆ అవకాశం దొరికింది. ఓడినవాళ్ల మొహాలను చాలావరకు గెలిచినవాళ్లే గీశారు.

అలాగని టిప్పు మొహం మనకు దొరకదా? దొరుకుతుంది. శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ బాగ్ గోడల మీద 1780 పొల్లిలూరు జంగ్ చిత్రం ఉంది. టిప్పు తన హుకూమత్‌లోనే వేయించుకున్నది. అందులో ఆయనకు సన్నని మీసం ఉంది, గడ్డం లేదు. ఇక మేజర్ అలన్ టిప్పు మయ్యత్‌ను దగ్గర్నుంచి చూసిన ఇంగ్లీషువాడు. పొట్టి మనిషి, బొద్దుగా ఉంటాడు, మెడ పొట్టి, చేతులు కాళ్లు చిన్నవి, కళ్లు పెద్దవి అని రాశాడు. దుష్మన్ గవాహీ ఇది, పొగడ్త కోసం రాసింది కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే మనిషి కొంత కళ్ల ముందుకొస్తాడు. ఆరడుగుల పహిల్వాన్ కాకపోతే ఆయన బహాదురీ ఏమైనా తగ్గిందా?

విన్న ఖబరును విచారించుకొని గానీ నమ్మొద్దని మన దీన్ నేర్పింది. తస్వీరూ ఒక ఖబరే. మన పిల్లలకు ఝూటా ఫోటో ఇచ్చి బడికి పంపితే, రేపు వాళ్లు సచ్ చెప్పినా ఎవరూ నమ్మరు.

భాంజా, నేను కలిసి చార్టు మళ్లీ చేశాం. ఈసారి ప్రతి బొమ్మ కింద ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, కళ్లారా చూసి గీశారా లేదా అని వాడు తన చేత్తో రాశాడు. నేను గ్రూపులో మాఫీ అడిగి పాత ఫోటో తీసేశాను. మీ ఫోన్‌లో అదే ఫోటో ఉంటే మీరూ తీసేయండి.