చేప ఎక్కొచ్చే తొవ్వ

ఈసారి పంట ముచ్చట పక్కన పెట్టి చేపల ముచ్చట రాస్తున్న. కొంచెం పొడుగే ఉంటది, తీరిక దొరికినప్పుడు చదవండి.

ఎండకాలం మా చెరువు నడుమ పిల్లలు క్రికెట్ ఆడుతరు. మట్టి పగుళ్ళల్ల చెయ్యి పడతది. అదే చెరువుల దసరా నాటికి చేపలుంటయి. ఇప్పుడంటే చేపపిల్లల్ని తెచ్చి పోస్తున్నరు గానీ, ఎవరూ పోయని రోజుల్లో కూడా ఉండేవి. మరి ఆ చేప ఎక్కడి నుంచి వచ్చింది?

చిన్నప్పుడు మా నాయిన్ని ఇదే అడిగిన. ఆయన మాటలతోని చెప్పలేదు. "గాలం పట్టుకొని నా ఎంబడి రా, నువ్వే చూస్తవు" అన్నడు. అట్ల 1979 నుంచి నాలుగైదు వానకాలాలు ఆయన ఎంబడి తిరిగిన. నేను ఇంటర్ దాకా చదివిన, ఆయనకు సంతకం వరకే వచ్చు. కానీ మా ఊరి నీళ్ళు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతయో ఆయనకు తెలిసినంత నాకు ఇప్పటికీ తెల్వదు.

ముందు గాలం సంగతి. సన్న వెదురు కట్టె, తంగూసు దారం, జీలుగు బెండు, అంగట్ల పది పైసలకు దొరికే ముల్లు. ఎర్రలు తవ్వుడు నా పని. పేడకుప్ప పక్కన తడి మట్టిల తవ్వితే పావుగంటల కొబ్బరి చిప్ప నిండేది. పరకలకు, జెల్లలకు ఎర్ర చాలు. కొర్రమట్టకు మాత్రం చిన్న కప్ప కావాలె. నాయిన గాలం వేసినంక మాట్లాడనిచ్చేటోడు కాదు. బీడీ కూడా ముట్టించకపోయేది. బెండు ఊగితే జెల్ల, బెండు పక్కకు జారితే మార్పు, ఒక్కసారే మునిగితే కొర్రమట్ట అని నాకు కండ్లతోనే సైగ చేసేటోడు.

ఇక చేప తొవ్వలు. అవి మూడు.

మొదటిది, కింది నుంచి మీదికి. మిర్గం దాటి ఆరుద్రల గట్టి వాన పడితే వాగు వస్తది. వాగు నీళ్ళు పొలాల మీదుగా, కాలువల మీదుగా పారుతుంటే చేప ఆ పారకానికి ఎదురెక్కుతది. గుడ్లు పెట్టనీకె పల్చటి కొత్త నీళ్ళు వెతుక్కుంటూ పోతది. మునిగిన గడ్డిల, మడికట్ల నడుమ మోకాలు లోతు నీళ్ళల్ల పరకలు గుడ్లు పెడుతయి. ఆ రాత్రి ఊరు ఊరంతా లాంతర్లు పట్టుకొని కాలువల మీదనే ఉండేది. కొందరి చేతుల ఊత, కొందరి చేతుల వెదురు బుట్ట, ఏమీ లేనోళ్ళ చేతుల పాత దుప్పటి.

రెండోది, మీది నుంచి కిందికి. మీది ఊరి చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళ ఎంబడి చేప మా చెరువుల పడతది. మా చెరువు మత్తడి దుంకితే మా చేప కింది ఊరికి పోతది. "ఇయ్యాల మన చేప, రేపు వాళ్ళ చేప" అనేటోడు నాయిన.

మూడోది నన్ను ఆశ్చర్యపెట్టింది. అది మట్టిల నుంచి. కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి ఈ మూడూ నీళ్ళల్ల ఉంటూనే పైకి వచ్చి గాలి కూడా పీలుస్తయి. నీళ్ళు అడుగంటితే బురదల దాగి, తడి ఉన్నంత కాలం పానం పట్టుకొని ఉంటయి. వానకు తడిసిన గడ్డి మీద పాక్కుంట ఒక కుంట నుంచి ఇంకో కుంటకు పోతయి. మక్క చేను నడుమ మార్పు పోతుంటే నేను కండ్లారా చూసిన.

ఈ మూడు తొవ్వలు ఎట్ల ఏర్పడ్డయి అంటే కాకతీయుల కాలం దాకా పోవాలె. మన తెలంగాణ నేల రాతి నేల, ఎత్తుపల్లాల నేల. గోదావరి, కృష్ణ రెండూ కింద పారుతయి, పొలాలు మీద ఉంటయి. అందుకని పడ్డ వానను పడ్డకాడనే ఆపాలె. ఒక చెరువు నిండి పొర్లితే కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి, చివరికి వాగుల, నదుల కలిసేటట్టు కట్టిన్రు. దీన్నే గొలుసుకట్టు అంటరు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలిండు. పాఖాల చెరువును ఆయన కాలంలో జగదాల ముమ్మడి కట్టించాడు. సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శాసనం 1213 నాటిది, గుడి పక్కన చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్నది. బయ్యారం చెరువును గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనంలో కాకతీయుల వంశం వివరం కూడా ఉన్నది. ఇవి పెద్ద చెరువులు. వీటి మధ్యల వేలకొద్ది చిన్న చెరువులు, కుంటలు ఉన్నయి. వాటిని ఎవరు కట్టిన్రో ఏ రాయి మీదా లేదు. మా ఊరి చెరువు అసొంటిదే.

కట్టినోళ్ళు వరి కోసం కట్టిన్రు, చేప దాని ఎంబడి వచ్చింది. కట్ట, తూము, మత్తడి, కట్టుకాలువ ఈ నాలుగూ సరిగ్గ ఉంటే నీళ్ళకు ఎంత తొవ్వనో చేపకూ అంతే తొవ్వ. తూము దగ్గర నీరటికాడు ఉండేటోడు. ఏ మడికి ఎంత నీళ్ళు ఇడవాలో ఆయన చెప్పిందే మాట. కల్లం కాడ ఆయన పాలు ఆయనకు కొలిచి పోసేటోళ్ళు.

చేపకు కూడా కట్టుబాట్లు ఉండె. వల వేసే హక్కు ముదిరాజుల సంఘానిది. మాలాంటి రైతులు గాలం వేసుకుంటే ఎవరూ ఏమనకపోయేది, వల వేస్తే మాత్రం పంచాయితీ అయ్యేది. ఎండకాలం నీళ్ళు తగ్గినంక సంఘమోళ్ళు చెరువు పట్టేటోళ్ళు. కట్ట మీద కుప్పలు పోసి పాళ్ళు పంచుకునేటోళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు గంపలల్ల పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి వడ్లకు, జొన్నలకు చేపలిచ్చేటోళ్ళు. ఎదురెక్కే చేపల రాత్రి కూడా ఒక లెక్క ఉండె. కాలువకు అడ్డంగ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఏదీ కట్టొద్దు. పక్కల పట్టుకోవచ్చు, నడుమ పాయ ఇడిసిపెట్టాలె. నాయిన నా ఊతను రెండుసార్లు నడుమ నుంచి పక్కకు జరిపిండు.

ఇంకో సంగతి చెప్పాలె. నాకు పన్నెండేండ్లప్పుడు తామరాకుల పక్కన నీళ్ళ మీద ఎర్రటి ముద్ద ఒకటి కదిలింది. దగ్గరగ చూస్తే వందల కొద్ది పిల్లలు. కింద నల్లగ పెద్ద కొర్రమట్ట. నాకు చేతులు ఆగలే. నాయిన కట్టె పట్టుకొని పైకి లేపిండు. "పిల్లల కాడ ఉన్నదాన్ని పట్టొద్దురా. దాన్ని పడితే పొద్దుగూకే వరకు ఆ పిల్లల్ల ఒక్కటి మిగలదు" అన్నడు. తర్వాత చదివితే తెలిసింది. కొర్రమట్ట గడ్డి నడుమ గూడు చేసి గుడ్లు పెడతది, పిల్లలు పెద్దయ్యేదాకా తల్లీ తండ్రీ కాపలా ఉంటయి. పిల్లలు చిన్నప్పుడు ఎర్రగ ఉంటయి. నాయినకు ఇదంతా ఎవరూ చెప్పలే, చూసి తెలుసుకున్నడు.

మరి బొచ్చె, రవ్వు సంగతేంది? మనం ఎక్కువ తినేది అవే కదా. అవి చెరువుల పెరుగుతయి గానీ చెరువుల గుడ్లు పెట్టవు. వాటికి వరద నది పారకం కావాలె. అందుకని పాత కాలంల నదులల్ల నుంచి పిల్లల్ని పట్టి తెచ్చి చెరువులల్ల పోసేటోళ్ళు. 1957 జూలై 10న ఒడిశాలోని కటక్‌లో హీరాలాల్ చౌధురి, ఆయన తోటి శాస్త్రవేత్తలు చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి ఈ జాతులతో గుడ్లు పెట్టించిన్రు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతరు. 1952లో తిలాపియా, 1959లో వెండి చేప, గడ్డి చేప బయటి దేశాల నుంచి వచ్చినయి. మా చెరువుల చేపపిల్లలు పోసుడు నేను కాలేజీకి పోయే రోజుల్ల మొదలైంది. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచులల్ల వస్తే ఊరంతా చూడనీకె పోయినం. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా ఇస్తున్నది. సంఘమోళ్ళ ఇండ్లల్ల నాలుగు పైసలు కనబడుతున్నయంటే దానితోనే. నేను దాన్ని తప్పు పట్టను.

కానీ సంచిల వచ్చే చేపకు తొవ్వతోని పనిలేదు. అక్కడనే మనం మోసపోతున్నం. చేపలు ఉన్నయి కాబట్టి చెరువు బాగున్నది అనుకుంటున్నం.

తొవ్వలు ఒకటెనక ఒకటి మూసుకపోయినయి. ముందు మందులు వచ్చినయి. 1966ల ఐ.ఆర్.8 వచ్చినంక వరి దిగుబడి పెరిగింది, పురుగూ పెరిగింది. ఎండ్రిన్ కొట్టిన మడి నుంచి పారిన నీళ్ళల్ల పరకలు తెల్లగ తేలేవి. దాన్ని 1990లో నిషేధించిన్రు గానీ దాని తర్వాత వేరే మందులు వచ్చినయి. తర్వాత బోర్లు వచ్చినయి. బోరు ఉన్న రైతుకు చెరువు నిండినా నిండకున్నా మోటరు నడుస్తది. దాంతో కట్టుకాలువ తవ్వనీకె మనిషికో పార పట్టుకొని పోయే అలవాటు పోయింది. నీరటికాడు పోయిండు. శిఖం భూమి తగ్గింది. కాలువ గట్లను ట్రాక్టర్లతోని దున్ని మడిల కలుపుకున్నరు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనంక చెరువులల్ల పూడిక తీసిన్రు. ఆ మట్టి నా రెండెకరాల్లో కూడా పడ్డది, పంట బాగ వచ్చింది. కానీ చెరువు ఎంత లోతు చేసినా, నీళ్ళు వచ్చే తొవ్వ లేకపోతే ఉత్త గుంతనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న. మీది చెరువు మత్తడి నుంచి మా చెరువుకు వచ్చే వాగు మీద రెండేండ్ల కింద ప్లాట్లకు తొవ్వ పోసిన్రు. ఇరవై ఫీట్ల వాగుకు రెండు పైపులు వేసిన్రు. పైపు కింది అంచు వాగు అడుగుకు మోకాలెత్తు మీద ఉన్నది. నిరుడు మీది చెరువు దుంకింది. ఆ నీళ్ళు పైపులల్ల పట్టక పక్క పొలాల మీద పడి నలుగురి నారుమళ్ళు కొట్టుకపోయినయి. మా చెరువు మాత్రం సగమే నిండింది. చివరి ఆయకట్టుకు యాసంగి నీళ్ళు అందలే. పైపుల కింద మడుగుల పరకలు, జెల్లలు ఎగిరెగిరి పడ్డయి. ఒక్కటి కూడా మీదికి ఎక్కలే. కొంగలు తిన్నన్ని తిన్నయి.

మా పక్కింటి తమ్ముడు "గాలం చేపల కోసం ఇంత లొల్లా అన్నా" అన్నడు. వానికి చెప్పింది మీకూ చెప్తున్న. ఎదురెక్కే చేప నీళ్ళ తొవ్వకు సాక్ష్యం. అది ఎక్కగలిగితే కాలువ తెరిచి ఉన్నట్టు. ఎక్కలేదంటే ఎక్కడనో మూసుకపోయినట్టు. మన రికార్డులల్ల వాగు ఎంత వెడల్పు రాసి ఉన్నా, చేపకు తెలిసేది నేల మీద ఉన్నదే.

వచ్చే గ్రామసభల పైపులు తీసి, వాగు అడుగు మట్టానికి వాగంత వెడల్పున కల్వర్టు కట్టాలని అడుగుతున్నం. ముదిరాజు సంఘం పెద్దలు సంతకం పెట్టిన్రు. నారుమళ్ళు పోయిన నలుగురు రైతులు పెట్టిన్రు. ప్లాట్లు కొన్నోళ్ళతోని కూడా మాట్లాడినం. వాళ్ళ తొవ్వ తీసెయ్యమని మేం అనడం లేదు, దాని కింద నీళ్ళ తొవ్వ ఉండాలె అంటున్నం. వరద మలిగి వాళ్ళ ప్లాట్లల్లకే వస్తదని చెప్తే ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నరు. అంతవరకు ఈ ఆదివారం కట్టుకాలువల తుమ్మలు కొట్టే పని పెట్టుకున్నం. పొద్దుగాల ఆరింటికి మత్తడి కాడికి రావాలె. పార, గొడ్డలి ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలె. పిల్లల్ని కూడా తోలుకరండి, తొవ్వ వాళ్ళకు తెలవాలె.

మా నాయిన పోయి తొమ్మిదేండ్లయింది. ఆయన గాలం కట్టె చెదలు పట్టింది గానీ, ఆయన చూపించిన తొవ్వ నేను ఇప్పటికీ కండ్లు మూసుకొని గీసి చూపిస్త. మీ ఊరి చెరువుకు నీళ్ళు ఏ దిక్కు నుంచి వస్తయో, ఆ కాలువ ఇప్పుడు ఎట్లున్నదో ఒకసారి నడిచి చూసి కింద రాయండి. పెద్దోళ్ళు బతికుంటే వాళ్ళను ఎంబడి తీస్కపోండి.