వ్రాతపని పంతులుగారు

కలంకారీ అన్న మాట పారసీ నుంచి వచ్చింది. శ్రీకాళహస్తిలో ఆ పనికి అచ్చంగా మన పేరు ఒకటుంది: వ్రాతపని. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, ఇక్కడ ప్రతి గీతా చేత్తో వ్రాస్తారు. ఈ ఊరి బిడ్డ జొన్నలగడ్డ గురప్పశెట్టి తన పుస్తకానికి కూడా ‘వ్రాతపని’ అనే పేరు పెట్టుకున్నారు.

ఆయన పుట్టింది 1937లో. తండ్రి లక్ష్మయ్య కలంకారీ పనివారు. గుళ్లలో వేలాడదీసే పెద్ద తెరలకు అడిగేవాళ్లు తగ్గిపోయి, పని తెలిసిన చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలిన రోజులవి. హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో ఊళ్లో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వెలిసింది. నేర్పే బాధ్యత లక్ష్మయ్యది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే అందే విద్యను ఆ కేంద్రం నలుగురి ముందుకూ తెచ్చింది. తండ్రి దగ్గరే పని నేర్చిన గురప్పశెట్టి బడిపంతులుగానూ పనిచేశారు.

ఈ పనికి పంతులు ఎందుకంత అవసరమో ఒక్క గుడ్డ తయారీ చూస్తే తెలుస్తుంది.

ముందు ముతక నూలు గుడ్డను గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు చెదరదు. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. కలమంటే సన్నగా చెక్కిన వెదురుపుల్ల. మొన కాస్త పైన గుడ్డపేలిక చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను వేళ్లతో ఎంత నొక్కితే అంత సిరా దిగుతుంది. ఆ సిరా పేరు కసిం. తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి కుండలో పులియబెడితే వస్తుంది. కలంలో ఉన్నప్పుడు వెలవెలబోతూ కనిపించే ఆ నీరు, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఎర్రగా రావాల్సిన చోట మొదట పటిక నీళ్లు పూస్తారు. తర్వాత పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ, సురుడు చెక్క వేసి ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఉతుకుకు ఆధారం స్వర్ణముఖి. వానలు పడితే తప్ప నిండుగా పారని ఏరది.

ఇన్ని మెట్లలో ఎక్కడ తేడా వచ్చినా గుడ్డ పాడవుతుంది. పాలు ఎన్ని, పటిక ఎంత, ఎండ ఎంతసేపు అన్నవి పెద్దల చేతి అలవాటులో ఉండేవి. గురప్పశెట్టి వాటిని మాటల్లో పెట్టారు. చేసి చూపించారు, పుస్తకం వ్రాశారు, కొడుకు నిరంజన్‌ను కూడా ఇదే పనిలో నిలబెట్టారు. ఊరికి ఆయన చేసిన అసలు మేలు ఇది.

ఆయన బొమ్మలూ పాఠాల్లాగే నడుస్తాయి. కాళహస్తి తెరల్లో నడుమ పెద్ద ఘట్టం, చుట్టూ వరుసల్లో చిన్న గళ్లు, గళ్ల మీద తెలుగు అక్షరాల్లో కథ. చదువు వచ్చినవారు చదువుకుంటారు, రానివారు బొమ్మ పట్టుకుని రామాయణం నడుస్తారు. ఆ సంప్రదాయాన్ని ఆయన గట్టిగా పట్టుకున్నారు. 2008లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. తిరుపతికి దగ్గర్లో, వాయులింగం పేరుతోనే తెలిసిన ఊరికి మరో గుర్తింపు దక్కింది.

ఇవాళ కాళహస్తిలో కలం పట్టినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. బొగ్గు గీత తప్పితే దులిపేసి మళ్లీ గీస్తారు. కసిం గీత మాత్రం ఒకసారి పడితే చెరగదు. అందుకే సీత కన్ను వ్రాసేటప్పుడు పక్కవాళ్లు కూడా మాట ఆపేస్తారు.