పరభాషా గురువు
ఆటగాండ్ర భాష యెరుగని విదేశీ శిక్షకుని ఫుట్‌బాల్ క్లబ్బులు నియమించుట తగునా? ఇంగ్లండు దేశస్థుడగు జిమ్మీ హోగన్ చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది.

1914లో ప్రపంచయుద్ధ మారంభము కాగా, వియన్నాలో నున్న హోగన్ శత్రుదేశీయుడని నిర్బంధింపబడెను. పిమ్మట బుడాపెస్టులోని ఎం.టి.కె. క్లబ్బు ఆయనను శిక్షకునిగా జేసికొనెను. యుద్ధానంతరము జర్మనీలో ఆయన జర్మను ప్రసంగము విని శ్రోతలు నవ్విరి. అంతట ఆయన బూట్లు విప్పి, వట్టి పాదముతో బంతిని తన్ని చూపెను. నవ్వులు నిలిచిపోయెను.

1934లో లండనులోని ఫుల్‌హామ్ క్లబ్బున చేరగా, భాష యొక్కటే యైనను ఆటగాండ్రు ఆయన బోధను చెవిని బెట్టరైరి. 1953 నవంబరు 25న వెంబ్లీలో హంగరీ 6-3 గోలులతో ఇంగ్లండును ఓడించినపుడు, తమ విద్యకు మూలము హోగనే యని హంగరీ క్రీడాధికారులు చాటిరి.

భాషకు దుబాసిని కుదుర్చుకొనవచ్చును. విద్యకు గురువే కావలెను, వినెడి శిష్యులును కావలెను.