రాయవేలూరు త్రోవలో చెట్టునీడ

చిత్తూరు సీమనుండి వచ్చి తమిళదేశమున స్థిరపడిన మనవారికి రాయవేలూరు రెండు విధముల పరిచితము: ఒకటి కోట, రెండవది ఆసుపత్రి. కోటను గూర్చి మన పెద్దలు ముచ్చటగా చెప్పుకొనెదరు. ఆసుపత్రికి పోయి వచ్చినవారు అనేకులేగాని, దాని పుట్టుకను విచారించినవారు అరుదు. 1911లో వేరు జిల్లా యగువరకు చిత్తూరు పట్టణమును ఆ చుట్టుపట్ల గ్రామములును ఉత్తరార్కాటులోనే యుండెను గనుక ఈ కథ కొంత మనది కూడ.

ఐడా స్కడ్డరు 1870లో రాణీపేటలో జన్మించెను. ఆమె తాత 1819లో సింహళమునకు వచ్చిన అమెరికా మిషనరీ వైద్యుడు, తండ్రియు వైద్యుడే. ఆమెకు మాత్రము ఈ దేశమున నిలుచు కోరిక లేదు. అమెరికాలో చదువుకొనుచుండి, తల్లికి జబ్బుగా నున్నదని తిండివనము వచ్చెను. తల్లి కోలుకొనగానే మరలిపోవ నిశ్చయించుకొనెను. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి వెనుక నొకరు ఆ యింటి గుమ్మ మెక్కిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, మూడవవారు మరియొక కులపు హిందువు. ముగ్గురి యిండ్లలోను పసివయసు భార్యలు ప్రసవము కాక ప్రాణములతో పెనగుచుండిరి. తనకు వైద్యము రాదనియు, తండ్రిని పంపుదుననియు ఆమె చెప్పెను. పరపురుషుడు పురుటిగదిలో అడుగుపెట్టుట కూడదని వారు వెడలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి.

ఆ భర్తలను నిందించుట సులభము. వారు కఠినులు కారు. కఠినులైనచో నడిరాత్రి పరుగెత్తి వచ్చియుండరు. మన యిండ్లలోను ఆ ఆచారమే యుండెను. ఐడాకును జాలి లేకపోలేదు. ఆ రాత్రి ఎవరికిని జాలి కొదువ లేదు. పనికివచ్చు చేయి లేకపోయెను. ఆమె అమెరికాకు మరలినది తప్పించుకొనుటకు గాక వైద్యము నేర్చుటకు. 1899లో కార్నెల్ వైద్యకళాశాలనుండి పట్టము పొంది 1900లో రాయవేలూరు చేరెను. మొదట ఇంటిలోనే రోగులను చూచెను. 1902లో 40 పడకల స్త్రీల ఆసుపత్రి వెలసెను. 1909లో నర్సుల బడి, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల ఏర్పడెను. ఆడవారిని ఆడవారే చూడవలెనన్నచో ఆడవైద్యులు వందలకొలది కావలెను గదా.

మాకు ఎక్కువ ప్రీతికరమైనది కట్టడముల కథ గాదు, త్రోవప్రక్క వైద్యము. ఆసుపత్రికి రాలేనివారి కొరకు ఆమె వారమున కొకమారు గుడియాత్తము త్రోవను బయలుదేరెడిది. చెట్టునీడను బండి నిలిపి, కాచుకొనియున్న వారి పుండ్లు కడిగి, కట్లు కట్టి, మందు లిచ్చి మరుచెట్టునకు సాగెడిది. తరువాత చిన్న మోటారుకారు వచ్చెను. గుఱ్ఱము లేక నడచు ఆ బండిని చూచి జనులు చేలకడ్డముపడి పారిపోయిరట! మా నాయనమ్మది ఆ త్రోవలోని పల్లె. చీముకారు చెవితో తల్లి చంక నెక్కి చింతచెట్టు క్రింద నిలిచిన సంగతి ఆమె మాకు అనేకసారులు చెప్పెను. ఆ వరుసలోనే, కొంచెము ఎడముగా, పెద్దరోగముగలవారు నిలిచెడివారనియు, దొరసానమ్మ వారి పుండ్లను గూడ విడువక కడిగెడిదనియు చెప్పెను.

ఆ పెద్దరోగము మా యింటిలోనికే వచ్చెను. మా పెదతాతగారికి అది సోకగా పశువులకొట్టము ప్రక్కన గది వేసి అందుంచిరి. పళ్లెము వేరు, చెంబు వేరు. పిల్లలమైన మేము గడప దాటరాదు. ఆయన వ్రేళ్లు ఏటేట పొట్టియగుచుండగా రోగము మాంసమును తినుచున్నదని అందరము తలచితిమి. అది తప్పు. 1946లో రాయవేలూరు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు కనుగొనిన దేమనగా, రోగము నరములను చంపును. స్పర్శ పోయిన చేయి కాలినను కోసుకొనినను తెలియదు. నొప్పి లేదు గనుక ఆ గాయమును ఎవడును కాచుకొనడు. చేతిని పాడుచేయునది అదియే. రాత్రి నిద్రలో ఎలుకలు వ్రేళ్లు కొరికినను మేలుకొననివారు గలరని తెలిసి, రోగులకు పిల్లుల నిప్పించిరి. ముంజేతిలో బలము చెడని కండరపు కొసను వ్రేళ్లకు కలిపి కుట్టి, ముడుచుకొనిన చేతులను ఆయన 1948 మొదలు తెరచెను. 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడిన మేరీ వర్గీసు అను వైద్యురాలు చక్రముల కుర్చీలో కూర్చుండియే అట్టి చేతులకు శస్త్రము చేసెను.

మా పెదతాతగారిని కరిగిరికి తీసికొనిపోవుటకు మాయింట పదేండ్లు పట్టెను. నలుగురికి తెలియునను భయమే కారణము, ఖర్చు గాదు. నేడు ఆరుమాసములో, ఏడాదియో మందు వాడిన నయమగు రోగమది. ఆయన తిరిగి వచ్చునప్పటికి పోయిన వ్రేళ్లు రాలేదు గాని రోగము నిలిచెను; అన్నము తానే కలుపుకొనగలిగెను. ఆనాడు మా నాయనమ్మ ఆయనకు కొట్టములో గాక నడవలో, పంక్తిలోనే ఆకు వేసెను. ఇద్దరు పెద్దలు లేచిపోయిరి. నాయనమ్మ ఏమియు అనక, వారి ఆకులు తీసివేసి, తానువచ్చి ఆయన ప్రక్కన కూర్చుండెను. మీరు కూర్చుంటిరా యని మా మనుమలు ఇప్పుడు అడుగుచుందురు. మేమును ఆనాడు ఆకలి లేదని చెప్పి పెరటిలోనికి పోతిమి.