నదిపై పయనమునకు ముందు



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పల్లెలలో ఇటీవల ఒక క్రొత్త కోరిక వినవచ్చుచున్నది. యంత్రశాలలలోను, నగరపు కార్యాలయములలోను పనిచేయు మన పడుచువారు సెలవు దొరకినప్పుడు పరదేశమునకు పోయి, కొండనదులలో రబ్బరు పడవలనెక్కి, తెడ్లు చేతబూని, రాళ్లనడుమ నురుగులు గ్రక్కుచు దుముకు నీటిలో పయనించి రావలెనని ముచ్చటపడుచున్నారు. ఈ మాట చెవినిబడగానే ఇంటి పెద్దలు “చేతి డబ్బు పెట్టి ఏటిలో పడుదురా?” అని కోపింతురు. పడుచువారు “మీకు తెలియదు” అని నవ్వుదురు. పెద్దల భయము నిష్కారణమైనది కాదు. పడుచువారి ఉత్సాహము నేరమును కాదు. ఈ రెంటికిని నడుమ చరిత్ర యేమి చెప్పుచున్నదో నేడు మనవి చేసెదను. నేను చెప్పదలచిన సారమిది: నదిని ఎరిగినవానిని వెంటబెట్టుకొని, నీరు అనుకూలించిన కాలమున పోయినవారు దరిజేరిరి, ఈ రెంటిలో ఏది లోపించినను పడవ బలము గాని, ధనబలము గాని వారిని కాపాడలేదు.

మొదట మన యింటి నదినే చూతము. మంజీర మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమను దాటి, మన జిల్లాను జొచ్చి, ఉత్తరమునకు మరలి, మెదకు సీమ మీదుగా పోయి, కందకుర్తియొద్ద గోదావరిలో కలియుచున్నది. ఏడుపాయల జాతరకు పోయినవారు ఆ నది పాయలుగా చీలి బండలనడుమ పారుటను కన్నులార చూచియే యున్నారు. ఇట్టి యేళ్లను దాటుటకు మన పూర్వులు వాడిన సాధనము పుట్టి. వెదురుతో గుండ్రని బుట్ట నల్లి, దానిపై తోలు కప్పి, ఒంటితెడ్డుతో నడుపుదురు. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఎద్దుతోళ్లు కప్పిన పెద్ద బుట్టలలో జనులు నదిని దాటుటను గూర్చి తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఆ గ్రంథము 1676లో అచ్చుపడినది. నేడు తోలునకు మారుగా తారు పూసిన గుడ్డయో, ప్లాస్టిక్కు పట్టయో వచ్చినది గాని పుట్టి పుట్టిగనే యున్నది. దానికి ముందు వెనుకలు లేవు. రాతికి తగిలినప్పుడు కొయ్యపడవవలె పగులక, వంగి, గిరుక్కున తిరిగి జారిపోవును. కొండనదులలో నేడు వాడు రబ్బరు పడవయు ఈ గుణము చేతనే రాళ్లనడుమ బ్రదికి బయటపడుచున్నది.

మంజీర గట్టున ఒక ముసలి జాలరిని “తాతా, పుట్టి ఎక్కుటకు ముందు ఏమి చూచెదవు?” అని నేనొకప్పుడు అడిగితిని. “నీళ్ల రంగు చూస్త బిడ్డా. మీద వాన పడ్డదా అని అడుగుత. అటెన్క పుట్టి సంగతి” అనెను. నీరు ఎఱ్ఱబారినచో ఎగువను వాన పడినదనియు, ఇచ్చట ఆకాశము నిర్మలముగా నున్నను వరద దారిలో నున్నదనియు ఆయన భావము.

ఆ ముసలివాని ప్రశ్నకు మన కాలమున మరియొక ప్రశ్న తోడైనది. 1923లో మొదలైన నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. నగరమునకు త్రాగునీరిచ్చుటకై 1965లో సంగారెడ్డి దాపున మంజీరపై బ్యారేజి వెలసినది. తరువాత సింగూరు ఆనకట్ట లేచినది. అప్పటినుండి ఈ నది వానకు మాత్రమే గాక, ఆనకట్ట తలుపు లెత్తువాని చేతికిని లోబడినది. కావున “మీద వాన పడినదా?” అని అడుగువాడు “మీద తలుపు లెత్తినారా?” అనియు అడుగవలెను. లోకమున అనేక నదుల స్థితి నేడిట్లే యున్నది.

ఇక గోదావరి సంగతి. ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852లో ముగించిన పిమ్మట, ఆర్థరు కాటను దొర ఆ నదిని మధ్యహిందూస్థానమునకు రాజమార్గముగా చేయవలెనని సంకల్పించెను. నాగపురము, బేరారు సీమల ప్రత్తి పడవలపై దిగి సముద్రము చేరవలెనని ఆయన ఆశ. 1860 నాటి ఒడంబడికతో గోదావరి యెడమగట్టునగల కొన్ని తాలూకాలు నిజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయుల చేతికి పోయినవి. హెయిగ్ అను సైన్యపు ఇంజనీరు ఎగువగోదావరి పనులకు నాయకుడయ్యెను.

ఆ దారిలో మూడు గొప్ప అడ్డంకులు కలవు. అవి నది బండలపై విరిగి దుముకు తావులు. మొదటిది భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము. రెండవది ఇచ్చంపల్లి. మూడవది ప్రాణహితపై దేవలమర్రి. ప్రతి తావునను ఆనకట్ట కట్టి, ప్రక్కగా కాలువ త్రవ్వి, నీటితలుపుల గదులు నిర్మించి, పడవలు ఆ బండలను తప్పించుకొని పోవునట్లు చేయవలెనని ఏర్పాటు. అమెరికాలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధము జరుగగా ఇంగ్లాండు మరనేతశాలలకు అచ్చటి ప్రత్తి కరవయ్యెను. అందుచే మన ప్రత్తికిని, దానితోబాటు ఈ పనులకును ఆదరము హెచ్చెను. కాని గోదావరి లెక్క వేరు. వానకాలమున వరద పడవను నిలువనీయదు. వేసవిని ఇసుకమేటలు పడవను కదలనీయవు. పడవ సుఖముగా సాగు నెలలు కొన్నియే. ఇంతలో యుద్ధము ముగిసెను. 1867లో బొంబాయి రైలు నాగపురము చేరెను. ప్రత్తి పడమటికి మరలెను. 1871లో ప్రభుత్వము ఎగువగోదావరి పనులను ఆపివేసెను. దుమ్ముగూడెపు ఆనకట్ట నేటికిని ఆ ప్రయత్నమునకు సాక్షిగా నిలిచియున్నది. ఆ ఇంజనీర్లు సమర్థులు కారని నేననను. నది యొక్క కాలమును మార్చుట వారి చేతిలో లేకపోయెను.

గోదావరి పనులు ఆగుటకు రెండేండ్లు ముందు, భూగోళమున కావలివైపున మరియొక నదిపై వేరొక ప్రయత్నము జరిగెను. అమెరికా పడమటిభాగమున కొలరాడో నది మహాగాధమైన కనుమలోనుండి పారుచున్నది. దానిని అడ్డగించుటకు గాక, దానిలోనుండి పోయి చూచుటకే జాన్ వెస్లీ పావెల్ అను భూశాస్త్రజ్ఞుడు పూనుకొనెను. యుద్ధమున ఆయన కుడిచేయి పోయినది. 1869 మే 24న తనతో కలిపి పదిమంది మనుష్యులు, నాలుగు కొయ్యపడవలు, పదినెలల గ్రాసము తీసికొని బయలుదేరెను. దారి చూపువాడు లేడు. ఆ దారిని ఆ మూలనుండి ఈ మూలవరకు ఎరిగినవాడే నాడు లేడు. మూడు వారములు నిండకమున్నే ఒక పడవ రాళ్లకు కొట్టుకొని ముక్కలయ్యెను. దానిలోని గ్రాసము నీటిపాలయ్యెను. ఒకడు మధ్యలోనే విడిచిపోయెను. చాలచోట్ల వారు పడవలను త్రాళ్లతో దింపుచు, సామానులు మోసికొని, తాము గట్టువెంట నడచిరి. తుదకు బూజు పట్టిన పిండియు, ఎండు ఆపిలుపండ్లును, కాఫీయు మాత్రమే మిగిలెను.

ఆగస్టు 28న ఘోరమైన దుముకునీరు మరియొకటి ఎదురయ్యెను. ముగ్గురు ఇక రామని చెప్పి, కనుమ గోడ నెక్కి వెడలిపోయిరి. వారు మరల ప్రాణములతో కానరాలేదు. నదిపై సాగినవారు మరునాడే కనుమ దాటి వెలుపల పడిరి! ఒక్కదినపు దూరమున విడుదల యున్నదని ఆ ముగ్గురికి చెప్పగలవా డొక్కడు లేకపోయెను. దారి యెరిగినవాని విలువ ఎంతటిదో ఈ కథకంటె స్పష్టముగా చెప్పునది నేనెరుగను.

తరువాతివారు ఈ అనుభవమునుండి నేర్చుకొనిరి. పావెల్ తోడివారు నీరు పోవు దిక్కునకు వీపు పెట్టి తెడ్లు లాగిరి. రాబోవు రాయి వారికి కనబడలేదు. 1890 ప్రాంతములలో గాలోవే అను వేటగాడు ముఖమును దిగువకు త్రిప్పి, ఎదుటి రాతిని చూచుచు పడవ నడుపు పద్ధతిని సాధించెను. చిన్న మార్పే గాని అనేకుల ప్రాణములు కాచినది. 1938లో నార్మన్ నెవిల్స్ అను పడవవాడు యెల్జాడా క్లోవరు, లోయిస్ జాటరు అను ఇరువురు వృక్షశాస్త్ర విదుషీమణులను ఆ కనుమగుండ దాటించెను. ఆ మహాకనుమను నదిపై దాటిన మొదటి స్త్రీలు వీరు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప సైన్యమునకు అక్కరలేని రబ్బరు పడవలు బజారునకు వచ్చినవి. దారి యెరిగినవాడు వెంటనుండగా సామాన్యులును ఇట్టి యాత్ర చేయు ఆచారము అట్లు వ్యాపించినది.

ఇప్పుడు మన యిండ్లకు తగిలిన రెండు దుఃఖములను స్మరింపక తప్పదు. 2014 జూన్ 8న హైదరాబాదునందలి ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచలప్రదేశమున మండి జిల్లాలో బియాస్ నదిలోని బండలపై నిలిచియుండగా, ఎగువ లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీరు ఒక్కుమ్మడి వచ్చి 24 మంది విద్యార్థులను, వారితోడి యాత్రానిర్వాహకు నొకనిని కొనిపోయెను. వారు పడవ ఎక్కలేదు, ఈతకు దిగలేదు. “మీద తలుపు లెత్తినారా?” అని అడుగవలెనని వారికి చెప్పినవారు లేరు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ దేవీపట్నము మీదుగా సాగి, కచ్చులూరియొద్ద వరద గోదావరిలో మునిగెను. సుమారు ఏబదిమంది గతించిరి. వారిలో తెలంగాణమువారును పెక్కురు. మునిగిన ఆ పడవను నదిగర్భమునుండి అక్టోబరు 22న పైకి లాగినవారు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందమువారు. లంగరులు, ఇనుపత్రాళ్లు, నీటి పోకడ యెరిగిన ఈతగాండ్రు వారి సాధనములు. నది యెరిగినవారి నేర్పు మునిగిన పడవను తీయుటకు అక్కరకు వచ్చినది. పడవ కదలకముందే అట్టివారి మాట చెల్లవలెనని నా మనవి.

ఇక యాత్రకు సన్నాహము. మనకు దగ్గరి పరదేశము నేపాళము. కాఠ్మాండువునుండి చిత్వానునకు పోవు బాటవెంట పారు త్రిశూలి నదిలో క్రొత్తవారు ఇట్టి యాత్ర చేయుదురు. మీ మనుమడు అచ్చటికి పోయెదనన్నచో వలదనుటకు మారుగా ఈ ప్రశ్న లడుగుడు.

మొదటిది, ఏ మాసమున పోయెదవు? అచ్చటను జూన్ మొదలు సెప్టెంబరు వరకు వరదకాలము. వానలు వెనుకబట్టిన అక్టోబరు, నవంబరు మాసములును, వేసవి మొదటి మాసములును మేలు.

రెండవది, ఆ నది యే తరగతిది? దుముకునీటిని లోకమున ఆరు తరగతులుగా విభజించినారు. మొదటిది పసివారికిని తగినది. ఆరవది ఆరితేరినవారికిని ప్రాణాంతకము. క్రొత్తవాడు మూడవదానికి మించరాదు. వరద వచ్చినచో అదే నది పై తరగతికి ఎక్కునని మరువరాదు.

మూడవది, వెంటవచ్చు సరంగు ఎవరు? అతడు ఆ నదిపై ఎన్ని ఏండ్లు నడిచెను? దిగువను నిలిచి పడినవారి నందుకొనుటకు మరియొక చిన్నపడవ వచ్చునా? విసరుటకు త్రాడు కలదా? ఎగువ ఆనకట్ట యున్నచో నీరు విడుచు వేళ అతనికి తెలియునా?

నాలుగవది, ఒంటికి సరిపడు లైఫ్ జాకెట్టు, తలకు శిరస్త్రాణము ఇత్తురా? వాటిని బిగించి కట్టుకొని యుందువా? పడవనుండి నీటిలో పడినచో ఏమి చేయుదువు? వేగముగల నీటిలో నిలువబడ జూచువాని పాదము రాళ్లసందున చిక్కును. వెనుకనుండి నీరు వానిని బోరగిల ద్రోయును. కావున వెల్లకిల తేలి, కాళ్లు దిగువకు చాచి, పాదములు పైకెత్తి, నెమ్మది నీరు వచ్చువరకు పోవలెను. ఈ మాట వాడు మీకు చెప్పగలిగినచో కొంత నేర్చినాడని తలపుడు.

అయిదవ ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. “నేడు నీరు బాగులేదు” అని సరంగు చెప్పినచో, ఇచ్చిన రొక్కమును విడిచి గట్టుననే ఆగగలవా? తోడివారి యెగతాళిని సహింపగలవా? పావెల్ వంటి ధీరుడు గట్టువెంట నడచిన చోట్లు అనేకములు కలవు. అందుచే ఆయన కీర్తి తగ్గలేదు.

పెద్దలారా, ఈ అయిదింటికి తిన్నగా బదులుచెప్పిన బిడ్డను దీవించి పంపుడు. మంజీర గట్టు జాలరియొద్ద మీరు నేర్చినది వానికిని చెప్పుడు. వాడు యాత్ర మాని తిరిగివచ్చిన దినమున “ఇంత ఖర్చుచేసి ఊరక వచ్చితివా?” అను మాట మన నోట రాకుండునుగాక. పోయిన రొక్కము మరల సంపాదింపవచ్చును.